నాలుగో కన్నం

"దీన్ని ఇక్కణ్ణుంచి తీయిస్తారా, నన్నే తీసి బయట పారేయమంటారా?" అని పెద్దకోడలు అడిగింది.



హాల్లో నట్టనడుమ, పాత పేపరు పరిచి, దాని మీద పెట్టిన ఆ కొయ్య తల మూడో రోజు కూడా అలాగే పడి ఉంది. దవడకు పూసిన కొవ్వు ఎండవేడికి కరిగి పేపర్లోకి ఇంకి, పసుప్పచ్చగా చుట్టూ పాకింది. దాని మీద నెత్తురు నల్లగా పెచ్చు కట్టింది. ఈగలు వాలుతున్నాయి, లేస్తున్నాయి, మళ్ళీ అక్కడే వాలుతున్నాయి. అందులో ఒకటి వచ్చి చేతి మీద కూర్చుంటే ఆమె విదిలించుకుని, ఆ చేతిని బట్టలకేసి తుడుచుకుంది. తుడుచుకున్నా ఈగ కాళ్ళు ఇంకా అక్కడే ఉన్నట్టనిపించి మళ్ళీ తుడుచుకుంది.

"చిన్నోడు ఆస్పత్రి నుంచి వస్తున్నాడు. వాడు కళ్ళారా చూడాలి," అన్నాడు మామగారు. "అప్పటిదాకా దాన్నెవరూ ముట్టుకోరు. ముఖ్యంగా నువ్వు."

ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది ఆమెకు. మూడు రోజులుగా ఆయన అలాగే మాట్లాడుతున్నాడు, పక్కింటివాళ్ళ తగువు తీరుస్తున్నట్టు.

ఆ ఇంట్లో ఆ బల్లను గుర్రం అంటారు. నాలుగు కాళ్ళ పొడుగాటి బల్ల. అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి కాబట్టి ఆ పేరు. బల్లకు మధ్యలో సందు ఉంటుంది. అందులోంచి ఒక నిలువు కర్ర కిందికి దిగుతుంది. దానికి పైన కొయ్య తల, కింద కాలితో తన్నే అడ్డకర్ర. కాలు ముందుకు తంతే పైనున్న తల వంగి, చెక్కాల్సిన కొయ్యను బల్లకు అదిమి కరుచుకుంటుంది. అప్పుడు రెండు పిడుల కత్తిని రెండు చేతులా పట్టుకుని గుండెల వైపు లాక్కుంటూ చెక్కాలి. ఎంత బలంగా లాగితే కాలు అంత బలంగా తంతుంది, తల అంత గట్టిగా కరుస్తుంది. నలభై ఏళ్ళలో ఆ గుర్రం కరిచిన కొయ్యను వదిలింది లేదు.

మొన్న పొద్దున వదిలింది. దవడకు ఎవరో కొవ్వు పూశారు. చిన్నోడు కూర్చుని గట్టిగా ఒక్క లాగు లాగేసరికి గరిటె కొయ్య సబ్బుముక్కలా జారి ఒళ్ళోకి దూకింది. దాని వెనకే కత్తి. పిడి పట్టు తప్పిన ఎడమచేతిని బొటనవేలి మొదట్లో తెగ్గోసింది.

ముందురోజు సాయంత్రం గుర్రం మీద ఆఖరున కూర్చున్నది పెద్దకోడలు. రోజూ పొద్దున్నే అందరికంటే ముందు కూర్చునేదీ ఆమే. ఆ ఒక్క పొద్దున మాత్రం ఆమె ఇంట్లో లేదు. కలప అడితికి వెళ్ళింది.

అంతే. ఇంకేం కావాలి? ఇల్లంతా ఆ రెండు ముక్కలూ కలిపి కుట్టేసింది. కాబోయే పెద్ద పనివాడు చిన్నోడు, వాడి చేతికి ఎసరు పెట్టి గుర్రాన్ని తనే ఏలుకోవాలని చూసింది మహాతల్లి. మామగారు ఆ మాట స్వయంగా అనలేదు. అన్నవాళ్ళను వద్దనలేదు. చిన్నోడు రాగానే వాడి ఎదుట తీర్పు చెబుతానన్నాడు. తీర్పు ఏమిటో అందరికీ తెలుసు. ఆమె కత్తులు మూట కట్టుకోవాలి. మళ్ళీ జన్మలో ఆ ఇంటి గుర్రం ఎక్కకూడదు.

పన్నెండేళ్ళు. ఉలి ఏదో బాడిస ఏదో తెలియకుండా ఈ ఇంటికొచ్చిన పిల్ల, ఇవాళ కళ్ళు మూసుకుని గరిటె చెక్కగలదు. ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు తప్ప ఆమె ఈ ఇంట్లో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి. కోడలు, భార్య, వదిన. అక్కడ కూర్చుంటే పనిమనిషి. పని తెలిసిన మనిషి. అది పోతే ఇక మిగిలేది గిన్నెలు.

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కుర్చీలో కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. చాలా శ్రద్ధగా చూసుకుంటున్నాడు, ఒక్కో గోరూ కొత్తగా మొలిచినట్టు.

"ఒకసారి ఇలా రండి," అంది.

ఆయన వసారాలోకి వచ్చాడు, వచ్చి గోడకు ఆనుకున్నాడు. ముందున్న దుకాణం ఆయనది. గరిటెలు, పీటలు అమ్ముతాడు కానీ చెక్కడం రాదు, నేర్చుకోనూ లేదు. చెక్కపొడి పడదంటాడు.

ఆ రోజు అడితికి వెళ్ళాల్సింది మీరు కదా అని ఆమె అడిగింది. ఒళ్ళు బరువుగా ఉంది, ఇవాళొక్కరోజు నువ్వు వెళ్ళిరా, కలప ఏరడం నాకంటే నీకే బాగా తెలుసు అని దుప్పటి ముసుగులోంచి బతిమాలింది మీరు కదా అని అడిగింది. ఆ ఒక్క మాట లోపలికెళ్ళి చెప్పమంది.

ఆయన నీళ్ళు నమిలాడు. నాన్న అసలే తనను పనికిమాలినవాడి కింద జమకట్టాడట. గరిటెలు టోకున కొనే షాపావిడ తన మనుషుల్ని తీసుకుని వచ్చే రోజున తొమ్మిదింటిదాకా పడుకున్నాడని తెలిస్తే దుకాణం తాళాలు కూడా లాక్కుంటాడట. అయినా తప్పు చెయ్యనిదానికి ఆమెకు భయమెందుకట.

"చిన్నోడు మెత్తనివాడు. వాడే ఏదో సర్దిచెబుతాడులే," అన్నాడు ఆమె భుజం తడుతూ.

ఆ చెయ్యి కింద ఆమె భుజం ముడుచుకుపోయింది. ఇందాక ఈగ వాలినప్పుడు కూడా ఇంత జుగుప్స కలగలేదు. ఈగకు కనీసం ఆకలి ఉంది.

ఆమె పెరటివైపు నడిచింది.

అక్కడ అత్తగారు బట్టలుతుకుతోంది. బట్టలంటే ఒకే చొక్కా, మామగారి గళ్ళ చొక్కా. కుడిచేతి మడత దగ్గర సబ్బు రాస్తోంది, రుద్దుతోంది, ముక్కు దగ్గర పెట్టుకుంటోంది, మళ్ళీ సబ్బు రాస్తోంది. పక్కనే బకెట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి.

పెద్దకోడలు అలవాటుగా అనేసింది. "నెత్తుటి మరకకి వేన్నీళ్ళా అత్తయ్యా? గట్టిపడుతుంది కదా."

కత్తుల మధ్య బతికే ఇల్లది. నెత్తుటికి చన్నీళ్ళు, కొవ్వుకు వేన్నీళ్ళు అని ఆ ఇంట్లో అడుగుపెట్టిన వారానికే అత్తగారే ఆమెకు నేర్పింది.

"మరకేం లేదు," అంది అత్తగారు. "వాసన."

అని ఆగిపోయింది. సబ్బుచెయ్యి గాల్లో నిలబడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఇద్దరూ చొక్కానే చూశారు. వేడికి ఆ మడతలోంచి ముక్కిన కొవ్వు కంపు మెల్లగా లేచింది. అదే కంపు. పనిముట్లు తుప్పు పట్టకుండా రాయడానికి పనిచోట ఒక డబ్బా ఉంటుంది. నిరుడెప్పుడో నింపిన కొవ్వు. మూత తీస్తే ఇల్లంతా కొడుతుంది.

కొవ్వు అంటితే అంటి ఉండవచ్చు. చిన్నోడికి తెగిన రోజు ఆ తలను కర్రతో సహా బల్ల నుంచి ఊడదీసింది మామగారే కదా. పెద్దకోడలు తనకు తానే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకుంటుండగానే చొక్కా గళ్ళ మీద చూపు ఆగింది.

ఆ రోజు ఆయన వేసుకున్నది ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. షాపావిడ వస్తుందని. అడితి నుంచి పరుగెత్తుకొచ్చిన తను, ఆ తెల్లటి ఛాతీ మీద చిన్నోడి నెత్తురు చూసి కేకపెట్టింది కూడా.

గళ్ళ చొక్కా ముందురోజుది.

"లోపలికి పో," అంది అత్తగారు తలెత్తకుండా. "నీకెందుకిక్కడ పని."

"అత్తయ్యా..."

"పొమ్మన్నానా."

ఆమె వెళ్ళలేదు. స్తంభం పట్టుకుని నిలబడింది. 

పది రోజుల కిందటి మాట గుర్తొచ్చింది. షాపావిడ డజను గరిటెలు ముందేసుకుని, కళ్ళు మూసుకుని, వేళ్ళతో తడిమి మూడు ఏరింది. ఇవి పెద్దాయన చేతివి, ఇంకొకరివల్ల కాదు అంది. మామగారు చిన్నగా నవ్వి తలూపాడు. అంతలో ఆవిడ గరిటె తిరగేసింది. మామగారి పనికి పిడి కింద ఒక గాటు ఉంటుంది. కోడలి పనికి రెండు. మూడింటికీ రెండేసి ఉన్నాయి.

ఎవరూ ఏమీ అనకముందే మామగారే పెద్దగా నవ్వేశాడు. నా చేతికింద పెరిగిన పిల్లే కదమ్మా అన్నాడు. అయితే వచ్చేవారం మా పనివాళ్ళను తీసుకొస్తాను, ఈ అమ్మాయి గుర్రమెక్కి చెక్కడం వాళ్ళు చూడాలి అంది ఆవిడ. తప్పకుండా రండి అన్నాడు. ఆ సాయంత్రం కోడలి తల నిమిరి, గరిటమ్మా, నా పేరు నిలబెట్టావు అన్నాడు.

ఆ చేత్తోనే.

అంతమంది ముందు కొయ్య జారి నవ్వులపాలవుతుందిలే అనుకున్నాడేమో. కాదు. ఆ రెండు పిడుల కత్తి ఎటు వస్తుందో ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? మొదటి రోజు ఆమె వెనక నిలబడి, ఆమె చేతుల మీద తన చేతులు వేసి చెప్పిన మాటే అది. కొయ్య కదిలిందంటే కత్తికి నువ్వే కొయ్యవమ్మా అన్నాడు.

ఆమె వంగి వాంతి చేసుకుంది. అత్తగారు లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, మళ్ళీ వెళ్ళి చొక్కా ముందు కూర్చుంది.

వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

చిన్నోడు గుమ్మంలోకి వచ్చాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, ముఖం మాత్రం మూడురోజుల్లో పీక్కుపోయింది. ఎడమచెయ్యి కట్లతో చిన్న దిండంత ఉంది. హాల్లో అడుగుపెట్టగానే ముక్కు మూసుకున్నాడు.

"ఇదింకా పూడ్చలేదా?" అన్నాడు పేపరు మీది తలను చూసి. "నా వేలు కంపు కొడుతుందని డాక్టరు భయపెట్టాడు గానీ, దీని ముందు నేను అత్తరు సీసాని."

 వేలెలా ఉందని అన్న అడిగాడు.

"ఉంటుందట. వంగడం వంగకపోవడం దానిష్టమట," అని చిన్నోడు కుర్చీలో కూలబడ్డాడు.

మామగారు లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఆయన చెప్పిందంతా నెమ్మదిగా, పద్ధతిగా ఉంది. ఇంటి పరువు బజారున పడకూడదని పోలీసుల్ని పిలవలేదట. కూతుర్లా చూసుకుని విద్య నేర్పినందుకు ఇదా ఫలితమని అడగడట. కానీ కొవ్వు పూసిన చెయ్యి మళ్ళీ తన గుర్రాన్ని తాకడానికి వీల్లేదట. ఈ పూటే కత్తులు మూట కట్టుకోవాలట. రెండేళ్ళుగా మోకాలి నొప్పితో తను గుర్రం ఎక్కలేకపోతున్నా, ఇల్లు నడుస్తోందని సంతోషపడ్డాడట. ఇకనుంచి మోకాలు విరిగినా సరే తనే ఎక్కుతాడట.

చిన్నోడు తెల్లబోయి చూశాడు. "వదినా?" అన్నాడు. "ఏం మాట్లాడుతున్నావు నాన్నా? వదిన నాకెందుకు..."

"అడుగు. నీ ఎదురుగానే ఉంది."

పెద్దకోడలు ముందుకొచ్చింది. వాంతి చేదు ఇంకా నాలుక మీద ఉంది. తనను తాను కాచుకోవడానికి మూడురోజులుగా ఎన్నో మాటలు పేర్చుకుంది. అడితి సంగతి, దుప్పటి సంగతి, కన్నీళ్ళు. ఇప్పుడు అవన్నీ ఎంగిలి మెతుకుల్లా అనిపించాయి.

ఒక్కటే అడగాలి.

గుర్రం నిలువు కర్రకు అయిదు కన్నాలుంటాయి. ఇరుసు చీలను ఏ కన్నంలో దూరిస్తే ఆ ఎత్తులో కర్ర నిలుస్తుంది. ఎవరి కాలి పొడుగును బట్టి వాళ్ళు చీల మార్చుకుంటారు. ఆమెది రెండో కన్నం. చిన్నోడిది అయిదో కన్నం. ఎవరు దిగిపోతే వాళ్ళ కన్నంలోనే చీల ఉండిపోతుంది. ముందురోజు సాయంత్రం ఆమె దిగేసరికి అది రెండులో ఉంది.

మామగారు నేర్పిన రెండో పాఠం కూడా ఆమెకు గుర్తుంది. ఏ పని చేసినా, చేసి లేచిపోకు. కూర్చుని, తన్ని, లాగి చూడు. పరీక్షించకుండా లేచేవాడు పనివాడే కాదు.

నలభై ఏళ్ళ అలవాటు. చేసేది ఎంత నీచమైన పనైనా సరే, చేతకానివాడిలా చేసి లేచిపోవడానికి ఆ ఒళ్ళు ఒప్పుకోదు.

"నువ్వు కూర్చున్నప్పుడు చీల ఏ కన్నంలో ఉంది?" అని మరిదిని అడిగింది.

"తప్పు చేసినవాళ్ళు జవాబులు చెప్పాలి," అన్నాడు మామగారు. మొదటిసారి ఆయన గొంతులో చిన్న జీర వినిపించింది. "ప్రశ్నలు కాదు. వాడు మందుల మత్తులో ఉన్నాడు. వాడికేం గుర్తుంటుంది?"

"ఎందుకు గుర్తుండదు?" అన్నాడు చిన్నోడు. "రోజూ వదిన తర్వాత ఎక్కితే మూడు కన్నాలు మార్చుకోవాలి. లేకపోతే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. ఆ రోజు ఒక్కటే మార్చాను. వదినకు నా మీద ఇవాళ ప్రేమ పొంగుకొచ్చింది, సగం పని తనే చేసిపెట్టింది అనుకున్నాను కూడా."

నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగింది.

కుర్చీలోంచి కాలు చాపి, పేపరు మీద పడున్న కర్రను బొటనవేలితో తాకాడు. కిందినుంచి ఒక్కో కన్నం లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. ఒకటి. రెండు. మూడు. ఆ తర్వాతి దాని మీద వేలు ఆగిపోయింది.

"ఇందులో ఉంది," అన్నాడు. "నాలుగులో."



"ఇంకోటి కూడా గుర్తుంది," అన్నాడు చిన్నోడు. ఈసారి ఎవరి వైపూ చూడలేదు, తన కట్టు వైపే చూసుకుంటూ అన్నాడు. "చెయ్యి తెగి నేను కింద పడ్డాను. నాన్న పరుగెత్తుకొచ్చాడు. నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు. ముందు బల్ల కిందికి వంగి చీల పీకాడు. పీకి జేబులో వేసుకుని, ఆ తర్వాత నా దగ్గరికొచ్చాడు. పాపం, కంగారులో ఏం చేస్తున్నాడో తెలియడం లేదు అనుకున్నాను."

పెద్దకోడలికి ఇది తెలియదు. తను చూడలేదు. ఆయన వదిలిన చోటే చీల ఇంకా ఉందనుకుని పీకేశాడన్నమాట. కొవ్వు సంగతి కనిపెట్టినప్పుడు అసహ్యానికి అడుగు చూశాననుకుంది. ఆ అడుక్కింద ఇంకో అంతస్తు ఉంది.

 మామగారి కుడిచెయ్యి జేబు దగ్గరకు వెళ్ళి, అక్కడే ఉండిపోయింది.

భర్త తమ్ముణ్ణి చూశాడు, భార్యను చూశాడు. ఆ ఇంట్లో గుర్రం ఎక్కనివాడు ఆయనొక్కడే. కన్నాల లెక్క తెలియనివాడూ ఆయనొక్కడే.

"ఏంటి, అందరూ అలా ఉన్నారు?" అన్నాడు అయోమయంగా. "నాలుగో కన్నం ఎవరిది?"

చిన్నోడు కళ్ళు మూసుకున్నాడు. చెప్పమంటే పెద్దకోడలు చెప్పేదే. నోరు తెరిచింది కూడా. కానీ తన నోట వస్తే అది మళ్ళీ నిందలా ఉంటుంది. మూడురోజులుగా తన మీద విసిరిన పేడముద్దను తిరిగి విసిరినట్టుంటుంది.

"ఇక చాలు," అన్నాడు మామగారు. "అందరూ లేచి ఎవరి పని వాళ్ళు..."

పెరటి గుమ్మంలో నీళ్ళ చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో. చేతిలో గళ్ళ చొక్కా. పిండలేదు. అడుగు తీసి అడుగేస్తుంటే నేల మీద నీటి చార పడుతోంది. మామగారు ఆమె వైపు చూసి, "నువ్వు లోపలికి వెళ్ళు," అన్నాడు. నలభై ఏళ్ళుగా ఆ మాట అనగానే ఆమె లోపలికి వెళ్ళేది.

ఇవాళ ఆయన్ను దాటుకుని ముందుకొచ్చింది. పేపరు దగ్గర ఆగింది. తడి చొక్కాను ఆ కొయ్య తల పక్కన పడేసింది. ఈగలు గుప్పున లేచి, ఒక్క క్షణం ఆగి, రెండింటి మీదా సమానంగా వాలాయి.

"మూడుసార్లు ఉతికాను," అంది ఎవరితోనో అన్నట్టు. "నాకిక చేతకాదు."

తర్వాత పెద్దకొడుకు వైపు తిరిగింది.

"నాలుగో కన్నం మీ నాన్నది," అంది. "ఆ కొవ్వు పూసింది మీ నాన్న."